కూలి ఆగిపోయాక గుండ్లకమ్మకు వచ్చిన జనం

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి ఉంది. పక్కనే గుండ్లకమ్మ. నల్లమల కొండల్లో పుట్టి, కంభం చెరువును నింపి, మెట్ట భూముల మీదుగా వచ్చి సముద్రంలో కలిసే ఈ ఏటిలో 1878 జూలై 3వ తేదీ బుధవారం నాడు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు 614 మంది, మరునాడు 700 మంది. మూడు రోజుల లెక్క 3,536. జూన్ మధ్య నుంచి ఆ ఏడాది ఆఖరు వరకు చూస్తే 9,606 మంది. క్రైస్తవ సంఘ చరిత్ర రాసినవారు ఈ రోజును బైబిలులోని పెంతెకొస్తు దినంతో పోల్చారు. ఆనాడు యెరూషలేములో చేరినవారు మూడు వేలమంది అని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతుంది.

ఇంత పెద్ద అంకె వినగానే ఎవరికైనా ఒక సందేహం కలుగుతుంది. అవి కరువు రోజులు. దొర చేతిలో పని ఉంది, కూలి డబ్బు ఉంది. జనానికి ఆకలి ఉంది. గింజల కోసం మతంలో కలిశారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అనేవారున్నారు. అడగదగిన ప్రశ్నే. దానికి జవాబు జూలై 3వ తేదీలో దొరకదు. అంతకు ముందు గడిచిన పదిహేను నెలల్లో దొరుకుతుంది. అది అర్థం కావడానికి ఇంకొంచెం వెనక్కి కూడా వెళ్లాలి.

కొండ మీద ఐదుగురు

తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని 1836లో మొదలైంది. శామ్యూల్ డే అనే మిషనరీ తొలుత విశాఖపట్నంలోను, తరువాత మద్రాసులోను ఉండి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచాయి. చేరినవారు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. పంపిన అమెరికా సంఘాలకే విసుగు పుట్టింది. 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో మరోసారి ఈ మిషన్‌ను మూసివేద్దామా అని చర్చించారు. పటం మీద తెలుగు దేశంలో నెల్లూరు ఒక్కటే చుక్కగా కనిపించేది. 1853లో అల్బనీ సభల సమయంలో శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ ఒంటి చుక్క మీద పద్యం కూడా రాశాడు. అప్పటినుంచి ఇది "లోన్ స్టార్ మిషన్", అంటే ఒంటి నక్షత్రపు మిషన్ అయింది. పేరు అందంగానే ఉంది. ఆ పేరు వెనుక ఉన్నది మాత్రం పంట రాని పొలంలాంటి పరిస్థితి.

అల్బనీ సభలు జరిగిన మరుసటి ఏడాది, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలును ఆనుకుని ఉన్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు, రూతు, జూలియా. చివరి ముగ్గురూ తెలుగువారే. కింద కనిపిస్తున్న ఊళ్ల కోసం, ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వారు ప్రార్థన చేశారు. ఆ కొండను ప్రార్థన కొండ అని ఈనాటికీ అంటారు. మనిషి వెంటనే రాలేదు. పన్నెండేళ్లు పట్టింది.

1862లో ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిన జ్యూయెట్ అక్కడివారికి ఒకే మాట చెప్పాడు. మిషన్ మూసినా తాను తిరిగి వెళతానని, తెలుగువారి మధ్యే బతికి అక్కడే చనిపోతానని. అలాగైతే ఆయనకు క్రైస్తవ పద్ధతిలో సమాధి చేయడానికైనా ఇంకొకరిని తోడు పంపక తప్పదని మిషన్ పెద్ద ఒకరు నవ్వుతూ అన్నాడట. అలా తోడుగా వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. మిషనరీ కాకముందు భూముల సర్వే పని చేసినవాడు. గొలుసు పట్టి కొలతలు వేయడం తెలిసినవాడు. ఆ విద్య తరువాత ఎక్కడ పనికి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది. 1866 సెప్టెంబరులో ఆయన ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది.

పేరయ్య తెచ్చిన కబురు

ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరంలోని తలకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. దేవుణ్ణి తెలుసుకోవాలని యోగమార్గంలో గురువుల వెంట తిరిగినవాడు కూడా. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ క్రీస్తును గురించి విన్నాడు. ఇంటికి వచ్చి అదే మాట తనవారికి చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. మరుసటి జనవరిలో క్లౌ తలకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తిండి సామాను మూటగట్టుకుని వచ్చి, తోపులో దిగి ఉన్నారు. కొన్నాళ్లు అక్కడే ఉండి విన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొరకంటే ముందే పేరయ్య ఆ పొలం దున్ని ఉంచాడన్నమాట.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒంగోలులో పెద్ద కులాలవారు కొందరు అప్పటికే దొర వద్దకు వచ్చిపోతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిచారట. ఇద్దరికీ దొరికింది ఒకే చోటు: కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఆ తరువాత వారు వెనక్కి చూడలేదు.

చేరినవారికి మూడు కట్టడలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. కాగితం మీద మూడు వాక్యాలే. ఊళ్లో బతికేవాడికి మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్క పోరాటం.

ఆ రోజుల్లో మాదిగవాడి బతుకు ఊరితో ముడిపడి ఉండేది. మోటకు తోలు బాన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, గొడ్డు చస్తే లాగి పారేయాలి, జాతరకు డప్పు కొట్టాలి. అందుకు ప్రతిగా కళ్లంలో మేర గింజలు కొలిచేవారు. ఆదివారం వెట్టికి రానంటే మునసబు, కరణాలకు కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరందరికీ కోపం. కోపం వస్తే మేర ఆగేది, నీళ్లకు అడ్డం పడేవారు, దొంగతనం మోపి కచేరీకి ఈడ్చేవారు. క్రైస్తవుడైనందువల్ల కలిగిన లాభాలను గురించి మాట్లాడేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి. కరువు రాకముందే, ఎవరూ గింజ పెట్టకముందే, ఇన్ని అగచాట్లు పడి వేలమంది ఆ దారిలోకి వచ్చి ఉన్నారు.

ధాత కరువు

1876లో వానలు తప్పాయి. తెలుగు సంవత్సరాల్లో అది ధాత. మరుసటిది ఈశ్వర. మద్రాసు రాజధానిలో చాలా జిల్లాలను కాల్చివేసిన ఆ కరువును ఆ పేర్లతోనే పెద్దలు చెప్పుకునేవారు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అంతకు నలభై అయిదేళ్ల క్రితం, 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిన నందన కరువును చూసిన ముసలివాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. ఏమి రాబోతున్నదో వారికి తెలుసు.

ముందు చెరువులు ఎండాయి. తరువాత గొడ్లు పడిపోయాయి. గింజల ధర ఎక్కింది. ఇత్తడి బిందె, ముక్కుపుడక, తలుపు చెక్క, ఏది అమ్మినా నాలుగు రోజుల తిండికి రాలేదు. ఆకులలములు, అడవి దుంపలు తిన్నారు. రైతుకే పంట లేదు గనుక మాలమాదిగ పల్లెలకు మేర అనే మాటే లేదు. గొడ్లు గుంపులుగా చచ్చిపోతున్న కాలంలో, చచ్చిన గొడ్డు మాంసం తినరాదన్న ఆ రెండో కట్టడ ఎంతటి పరీక్ష అయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ పెద్ద దర్బారు జరిపించి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటించాడు. అదే నెలలో మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనుల్లో కూలీలకు రోజుకు ఒక పౌను గింజ, చిల్లర డబ్బు చాలునని తేల్చాడు. పౌను అంటే అరకిలోకు తక్కువే. మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు? డాక్టర్లు అభ్యంతరం చెప్పిన తరువాతగాని ఆ కొలత పెరగలేదు. కరువు తీరేసరికి బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతాల్లోనే 55 లక్షలమంది వరకు చనిపోయారని ఒక అంచనా. అంతకంటె ఎక్కువేననే చరిత్రకారులూ ఉన్నారు.

పార పట్టించిన నమ్మకం

ఒంగోలు మిషన్ బంగళా చుట్టూ జనం చేరారు. దొర వద్ద ఎంత ఉంటుంది? ఎంతమందికి సరిపోతుంది? ధర్మం చేస్తే నాలుగు రోజులకు అయిపోతుంది. ఇక్కడే క్లౌకు పాత సర్వే పని అక్కరకు వచ్చింది.

ఒంగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డు వెంబడి పోయే బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగుతోంది. మద్రాసు నుంచి ఉత్తరాన పెదగంజాం వరకు వచ్చి, అక్కడ కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణా కాలువల్లోకి పడవలు పోయేటందుకు వేసిన కాలువ ఇది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. ఇందులో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ స్వయంగా కాంట్రాక్టుకు తీసుకున్నాడు. రాజుపాలెం వద్ద శిబిరం వెలిసింది. తాటాకు పాకలు వేశారు. తాగునీటికి బావులు తవ్వారు. వేలాదిమంది వచ్చి పనిలోకి దిగారు. కులం అడగలేదు, మతం అడగలేదు. పార ఎత్తగలిగినవాడు తవ్వాడు, గంప ఎత్తగలిగిన ఆడమనిషి మట్టి మోసింది. తవ్విన మట్టి కొలతకు తగ్గ కూలి ముట్టింది.

మేస్త్రీలుగా పెట్టింది సంఘంలోని తెలుగు బోధకులను. ఇది చిన్న విషయం కాదు. కాలువ పనుల్లో మేస్త్రీ అంటే తిట్టేవాడు, కొట్టేవాడు, కూలిలో కొంత కోసుకునేవాడు. ఈ మేస్త్రీలు అదే మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు కాలువ గట్టున కూర్చోబెట్టి మాట్లాడేవారు. ప్రయాసపడి బరువులు మోసే వారందరూ తన వద్దకు వస్తే విశ్రాంతినిస్తానన్న క్రీస్తు పిలుపు మత్తయి సువార్తలో ఉంది. నెత్తిన మట్టి గంప దించి కూర్చున్న మనిషికి ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. పని అయ్యాక ఆ కూలీలు తమ తమ ఊళ్లకు వెళ్లి విన్నది చెప్పుకున్నారు. ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల్లో ఆ కబురు పాకింది.

శిబిరంలో కలరా కూడా వచ్చింది. ప్రార్థన చేశారు, మందూ పోశారు. ఒకటి చేస్తే రెండోది వద్దని ఎవరూ అనుకోలేదు. చచ్చిపోయినవారు చచ్చిపోయారు. నమ్మినవారి ఇళ్లలోనూ పాడెలు లేచాయి. కరువు క్రైస్తవుణ్ణి ఒక విధంగా, కానివాణ్ణి ఒక విధంగా చూడలేదు.

పదిహేను నెలలు ఆపి ఉంచారు

ఇక అసలు సంగతి. కాలువ పని మొదలైన 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు, పదిహేను నెలలపాటు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. అడిగేవారు లేక కాదు. వేలమంది అడిగారు. బోధకులు వచ్చి ఫలానా ఊళ్లో ఇంతమంది సిద్ధంగా ఉన్నారని చెబుతూనే ఉన్నారు. ఆయన జవాబు ఒక్కటే. చేతిలో డబ్బు పంచుతున్నన్నాళ్లు ఎవరి మనసులో ఏముందో తెలియదు, కూలి ఆగిపోయాక చూద్దాము.

ఇరవై ఏళ్లకు పైగా చేరికలు లేవని మూసివేయబోయిన మిషన్ అది. తీరా చేరుతామని వేలమంది తలుపు తట్టినప్పుడు ఆగమని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. లెక్కల కోసం ఆరాటపడేవాడయితే ఆ పదిహేను నెలల్లోనే పుస్తకాలు నింపుకునేవాడు.

అడిగినవారి ఓపికనూ ఇక్కడ చెప్పుకోవాలి. ఆగమన్న మాట విని కోపంతో వెళ్లిపోయి ఉంటే చరిత్ర అక్కడితో ముగిసేది. వాళ్లు వెళ్లలేదు. కొందరు ఆ మధ్యలోనే ఆకలికి, జబ్బుకు చనిపోయారు. బాప్తిస్మం లేకుండానే పోయారు. బతికినవారు కాచుకుని ఉన్నారు.

1878లో వానలు పడే సూచనలు కనిపించాయి. కాలువ పని అయిపోయింది. కరువు సహాయం ఆగింది. ఆ జూన్‌లో ఒంగోలులో మశూచి ఉన్నందువల్ల బోధకులను, సంఘస్థులను పట్నానికి రావద్దని, వెల్లంపల్లిలో కలుసుకుందామని క్లౌ కబురు పెట్టాడు. సంఘస్థులు మాత్రమే రావాలని కూడా చెప్పి పంపాడు. వెళ్లి చూస్తే తోపు నిండా వేలమంది. అతణ్ణి చుట్టుముట్టి బాప్తిస్మం అడిగారు.

ఇక తన వద్ద ఇవ్వడానికి ఏమీ లేదని ఆయన స్పష్టంగా చెప్పాడు. వాళ్లు సహాయం అడగడం లేదన్నారు. చేతులు చూపించారు. పార పట్టి కాయలు కాసిన చేతులు. పనిచేసుకుని బతుకుతామన్నారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతామని, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చచ్చిపోవాలని ఉందని, అందుకే అడుగుతున్నామని చెప్పారు.

ఆ మాటలో గమనించవలసింది ఒకటుంది. పంట వస్తుందని వారు అనలేదు. దేవుణ్ణి నమ్ముకుంటే కరువు తమను ముట్టదని అనలేదు. రెండేళ్లపాటు కళ్లెదుట అంత చూసినవారు అలా అనలేరు. పంట వచ్చినా రాకపోయినా అన్నదే వారి షరతు. క్లౌకు ఇక ఆపడానికి కారణం దొరకలేదు.

ఆ మూడు రోజులు

గుంపు పెద్దదని పని తొందరగా తేల్చలేదు. ఊరి వారీగా కూర్చోబెట్టి, ఏ ఊరి బోధకుడు ఆ ఊరివారిని ఎరిగినవాడు గనుక అతని చేత గుర్తు పట్టించి, ప్రశ్నలు అడిగి, పేర్లు రాసుకున్నారు. సందేహం ఉన్నవారిని తరువాత చూద్దామని ఆపారు. జూలై 2న మొదలుపెట్టారు.

రెండో రోజున ఉదయం ఆరు గంటలకు గుండ్లకమ్మలో దిగారు. మునకలు ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు నీళ్లలో నిలబడేవారు. వారు అలసిపోతే మరో ఇద్దరు. ఒడ్డున గుమాస్తా పేరు చదివితే ఆ మనిషి నీళ్లలోకి వచ్చేవాడు. పదకొండు గంటలకు ఆపి, రెండు గంటలకు మళ్లీ దిగి, పొద్దు వాలే వేళకు ముగించారు. లెక్క చూసుకుంటే 2,222. అంకె అలా కుదరడం కాకతాళీయమే. ఎవరూ ముందుగా అనుకున్నది కాదు.

ఇంతమందిలో ఒక్కొక్కరి పేరు చరిత్రకు దక్కలేదు. దొర పేరు పుస్తకాల్లో ఉంది, ఒంగోలులో ఆస్పత్రికీ ఉంది. నీళ్లలో నిలబడి మునకలు ఇచ్చిన ఆరుగురి పేర్లు అడిగితే జిల్లాలో చెప్పగలిగేవారు అరుదు. చరిత్ర రాసేవారి అలవాటు అది. తలకొండపాడు పేరయ్య కథ అయినా మిగిలినందుకు సంతోషించాలి.

గింజలు తగ్గాయి, నిందలు తగ్గలేదు

ఈ కథ ఇక్కడితో ముగిస్తే బాగుంటుంది గాని, బాప్తిస్మం తీసుకుని పల్లెకు వెళ్లినవారికి అక్కడ పాత ఊరే ఎదురైంది. వెట్టి అలాగే ఉంది. బావి దగ్గర కట్టుబాటు అలాగే ఉంది. రైతు కళ్లంలో గింజలు కొలిచే చెయ్యి ఇంకాస్త బిగిసింది. కొత్తగా వచ్చింది పల్లెలో ఒక బడి. తాటాకు పాకే బడి, అదే గుడి. వారంలో ఆరు రోజులు పిల్లలకు అక్షరాలు, ఏడో రోజు పెద్దలకు ప్రార్థన. అక్షరం వచ్చిన కూలివాడు కరణం రాసిన కాగితాన్ని చదివి చూడటం మొదలుపెట్టాడు. అది మరో పేచీ అయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకొక ఇబ్బంది తోడైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా తొలుత హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులయిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల్లో "సి" గ్రూపులో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆ ఉత్తర్వు మంచిదా కాదా అన్నది కోర్టులు, చట్టసభలు చూసుకోవలసిన విషయం. కడుపు కోసం మతం మారారని నిందించేవారు మాత్రం, కాగితం మీద క్రైస్తవుడని రాయించుకుంటే పోయేదేమిటో కూడా లెక్కలో వేసుకోవడం న్యాయం.

నమ్మితే జబ్బు పోతుంది, అప్పు తీరుతుంది, కానుక వేస్తే పది రెట్లు వస్తుందని మైకు పెట్టి చెప్పే ప్రసంగీకులు ఈమధ్య పల్లెల్లోనూ ఎక్కువయ్యారు. వెల్లంపల్లి తోపులో నిలబడినవారికి అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. బైబిలు చదివినవారికి ఇది కొత్త కాదు. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్న యోబు దేవుణ్ణి నిలదీసి అడుగుతాడు, వాదిస్తాడు, కాని విడిచిపెట్టడు. హబక్కూకు అనే ప్రవక్త తన చిన్న గ్రంథం చివర చెప్పింది అచ్చంగా రైతు భాషే. చెట్లు కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానంటాడు. మెట్ట ప్రాంతపు సంఘాల్లో ఈ భాగాన్ని చదివేటప్పుడు ఎవరూ నిఘంటువు వెతకరు.

కష్టాన్ని కష్టమని ఒప్పుకుంటూనే దేవుణ్ణి ఆశ్రయించే ఈ ధోరణి తెలుగు క్రైస్తవ కీర్తనల్లోనూ ఉంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారి పాటలు ఇప్పటికీ పల్లెల్లో దీపారాధన వేళ వినిపిస్తాయి. చావు ఇంట పాడేవీ అవే, కొత్త ఇంట పాడేవీ అవే. అక్షరం రాని ముసలమ్మకు కూడా నోటికి వచ్చి ఉంటాయి.

కాలువ, కొండ, పిడికెడు బియ్యం

బకింగ్‌హాం కాలువలో ఇప్పుడు సరుకు పడవలు లేవు. చాలాచోట్ల పూడిపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మాత్రం కోస్తాలో చాలాచోట్ల అలల నీటిని ఈ కాలువే లోపలికి లాక్కుని పడమటి ఊళ్లను కొంత కాపాడిందని పరిశోధకులు రాశారు. ధాత కరువులో తవ్విన గట్ల మట్టి నూట ఇరవై ఏడేళ్ల తరువాత ఇంకొకరి ప్రాణానికి అడ్డుపడింది.

వెల్లంపల్లి ఇప్పుడు మద్దిపాడు మండలంలో ఉంది. గుండ్లకమ్మ మీద మల్లవరం వద్ద రిజర్వాయరు కట్టారు. ఒంగోలులో జ్యూయెట్ పేరిట చర్చి ఉంది. ప్రార్థన కొండ చుట్టూ పట్నం పెరిగిపోయింది. ఆ ఐదుగురూ చూసిన ఖాళీ మైదానం ఇప్పుడు కనిపించదు.

కనిగిరి, మార్కాపురం వైపు వాన ఇప్పటికీ నమ్మదగినది కాదు. కనిగిరి పల్లెల్లో బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు. పంట పోయిన ఏడాది పాలేల నుంచి కుటుంబాలు హైదరాబాదుకు, బెంగుళూరుకు ఇళ్ల పనికి పోతాయి. క్రిస్మసుకు తిరిగి వస్తాయి. వచ్చినప్పుడు ముందు చర్చికి సున్నం వేస్తారు, తరువాతే తమ ఇంటికి.

ఉన్న ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు పాటించే అలవాటు ఒకటి తెలుగు సంఘాల్లో తరతరాలుగా ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. దేవుని బియ్యమంటారు దాన్ని. ఆదివారం ఆ బియ్యాన్ని చర్చికి తీసుకువెళతారు. పాస్టరు కుటుంబానికో, ఊళ్లో ఎవరూ లేని ముసలివాళ్లకో అది చేరుతుంది. రేషను బియ్యమయినా సరే, నూకలయినా సరే తీస్తారు. పని దొరకని వారాల్లో కొలిచే బియ్యం తగ్గుతుంది. పిడికెడు మాత్రం పిడికెడే.